తొమ్మిదికి పడుకోబెడితే పదకొండున్నర దాకా కళ్లు మూయదు

పిల్లల నిద్ర గురించి విశాఖ పాఠకులు పంపిన ఉత్తరాల్లోంచి ఏడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. పేర్లు తీసేసి పేట పేరు మాత్రం ఉంచాం. ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టి చదివితే ఒక సంగతి తేలింది. రాత్రి ఎన్నింటికి పడుకోబెడుతున్నారో దాదాపు అందరూ రాశారు. పొద్దున ఎన్నింటికి లేపుతున్నారో రాసినవాళ్లు మాత్రం చాలా తక్కువ. మా జవాబులు ఎక్కువగా ఆ రాయని సంగతి దగ్గరికే వస్తాయి.

మా పాపకు మూడున్నరేళ్లు. తొమ్మిదింటికల్లా లైట్లు తీసేసి పడుకోబెడతాం. పదకొండున్నర దాకా మంచం మీద గెంతులే. నీళ్లంటుంది, ఇంకో కథంటుంది, ఒంటికి వస్తోందంటుంది. ప్లేస్కూల్ నుంచి వచ్చి మధ్యాహ్నం మూడింటికి పడుకుంటే ఐదున్నరకు లేస్తుంది. పొద్దున ఎనిమిదింటికి బలవంతంగా లేపుతాం. ఆదివారం పదింటిదాకా వదిలేస్తాం. ఒక్కోసారి చెయ్యి చేసుకునేంత విసుగొస్తోంది. ఏం చెయ్యమంటారు? (ఎంవీపీ కాలనీ)

ముందు లెక్క చూద్దాం. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మీ పాప రాత్రి ఎనిమిదిన్నర గంటలు, పగలు రెండున్నర గంటలు, మొత్తం 11 గంటలు పడుకుంటోంది. నిద్ర సరిపోతోంది. వేళే తప్పింది. కాబట్టి పాపది మొండితనం అనుకోకండి.

ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. అది నిద్రవేళ అనుకున్న సమయానికి ముందు గంటా రెండు గంటలు మనిషి మహా చురుగ్గా ఉంటాడు. మీ పాప గడియారం ఇప్పుడు పదకొండున్నరకు అలవాటు పడింది. మీరు తొమ్మిదింటికి పక్క మీద వేస్తున్నారంటే, సరిగ్గా ఒంట్లో హుషారు ఎక్కే సమయానికి పడుకోమంటున్నారన్నమాట. రోజూ ఆ రెండున్నర గంటల పేచీతో మంచమంటేనే గెంతులాడే చోటని పాప మనసులో పడిపోయింది.

ఈ గడియారాన్ని వెనక్కి జరిపేది పొద్దుటి వెలుగు. రేపటి నుంచి పాపను ఏడింటికి లేపండి. ఆదివారమైనా, పండగైనా, రాత్రి ఆలస్యమైనా ఏడే. మహా అయితే అరగంట సడలింపు. లేపిన పావుగంటలో బాల్కనీలోకో డాబా మీదికో తీసుకెళ్లి 20 నిమిషాలు ఉంచండి. పాలు అక్కడే తాగించండి. మన ఊళ్లో సూర్యుడు సముద్రం మీంచి తొందరగానే పైకొస్తాడు, ఏడింటికి వెలుగుకు కొదవ ఉండదు. ఆదివారం పదింటిదాకా పడుకోనిస్తే వారమంతా జరిపిన గడియారం ఆ ఒక్క పూటలో మళ్లీ ముందుకు పోతుంది. ఆదివారం రాత్రి పేచీ ఎక్కువగా ఉండేది అందుకే.

మధ్యాహ్నం అన్నం పెట్టి ఒంటిగంటన్నరకు పడుకోబెట్టి, మూడింటిలోపు లేపేయండి. మొదట్లో సాయంత్రం ఆరింటికి కళ్లు వాలుస్తుంది. అప్పుడు మాత్రం నిద్రపోనివ్వొద్దు. బీచ్‌కు తీసుకెళ్లాలనుకుంటే ఐదింటికే బయల్దేరండి. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పది నిమిషాలు కునికినా చాలు, ఆ రాత్రి మళ్లీ పదకొండున్నరే.

రాత్రి విషయంలో మేం చెప్పేది మీకు తలకిందులుగా అనిపించవచ్చు. మొదటి రెండు రోజులూ పాపను తొమ్మిదికి పడుకోబెట్టకండి, పదకొండుంబావుకు పడుకోబెట్టండి. నిజంగా నిద్రొచ్చే వేళకు పక్క మీద వేస్తే పావుగంటలో కళ్లు మూస్తుంది. అలా పడుకోగానే నిద్రపోవడం రెండు రోజులు జరిగాక పదకొండుకు, ఇంకో రెండు రోజులకు పదిముప్పావుకు, ఇలా పావుగంట చొప్పున వెనక్కి రండి. తొమ్మిదింబావుకు చేరడానికి తొమ్మిది మెట్లు, రెండేసి రోజులు, అంటే 18 రోజులు. మధ్యలో ఎక్కడైనా 20 నిమిషాలు దాటినా నిద్ర పట్టకపోతే మెట్టు దిగకుండా అక్కడే ఇంకో రెండు రోజులు ఉండండి. నాలుగో రోజో ఐదో రోజో చిరాకు బాగా పెరుగుతుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. అది పని చేస్తున్న గుర్తు, ఆగిపోకండి.

పడుకునే ముందు 40 నిమిషాలు రోజూ ఒకే వరసలో నడవాలి. టీవీ, ఫోన్ కట్టేసి ట్యూబ్‌లైట్ ఆర్పి పసుపు బల్బు వేయండి. చిన్నపిల్లల కంటిపాప వెడల్పు, లోపలి కటకం తేట. పెద్దల కంటికంటే ఎక్కువ వెలుగు లోపలికి వెళ్లి, నిద్రను పిలిచే మెలటోనిన్‌ను అణిచేస్తుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ల స్నానం 10 నిమిషాలు, బట్టలు, పళ్లు తోమడం, బాత్రూం, రెండు కథలు, ఒక పాట, లైటు. కథలు రెండంటే రెండే.

ఇక నీళ్లు, ఒంటికి, ఇంకో కథ. పోస్టుకార్డంత అట్టముక్క ఒకటి కోసి పాప చేతే దాని మీద చందమామ బొమ్మ వేయించండి. లైటు ఆర్పాక ఆ చీటీ ఇచ్చి ఒక్క కోరిక కోరుకోవచ్చు. నీళ్లు అడిగితే ఇచ్చి, చీటీ తీసుకోండి. తర్వాత ఎన్ని అడిగినా "చీటీ అయిపోయిందిగా అమ్మా, పడుకో" అన్న ఒకే మాట, ఒకే గొంతుతో. చీటీ వాడకుండా నిద్రపోతే పొద్దున టిఫిన్‌లోకి ఏం కావాలో పాపే చెప్పొచ్చు. ఈ వయసు పిల్లలు చీటీని దాచుకోవడానికే ఇష్టపడతారు.

ఇంతా చేసినా సాయంత్రమయ్యేసరికి కాళ్లు పీకుతున్నాయని, చీమలు పాకినట్టుందని కాళ్లు కొట్టుకుంటుంటే పిల్లల డాక్టరుకు చెప్పి రక్తంలో ఇనుము నిల్వలు చూపించండి. ఇనుము తక్కువైనా నిద్ర ఇలాగే చెడుతుంది.

మేం ఉక్కునగరంలో ఉంటాం. మా అబ్బాయికి ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. బి షిఫ్ట్ అయితే ఇల్లు చేరేసరికి పదిన్నర. రెండేళ్ల మనవడు "నాన్నా, నాన్నా" అంటూ గుమ్మం దగ్గరే కూర్చుంటాడు. కోడలు పడుకోబెట్టేద్దామంటుంది. వాడి మొహం చూస్తే నాకు ఉండబట్టదు. (ఒక నాయనమ్మ)

అమ్మా, మీ బాధ మాకు అర్థమవుతోంది. అయినా మీ కోడలు చెప్పినట్టే చేయమంటాం. రెండేళ్ల బిడ్డకు పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు కావాలి. బి షిఫ్ట్‌లో పదిన్నర, ఎ షిఫ్ట్‌లో (పొద్దుటి డ్యూటీలో) ఎనిమిదిన్నర అంటే వాడి ఒంటికి ఏ వేళా అలవాటు కాదు. నాన్న షిఫ్ట్ మారినప్పుడల్లా వీడి షిఫ్టూ మారినట్టే.

బి షిఫ్ట్ మధ్యాహ్నం 2కి మొదలవుతుంది. అంటే ఒంటిగంట దాకా నాన్న ఇంట్లోనే ఉంటాడు కదా. ఆ రోజుల్లో మనవణ్ని లేపడం, స్నానం చేయించడం, ఇడ్లీ తినిపించడం, కిందికి తీసుకెళ్లి ఆడించడం అన్నీ మీ అబ్బాయికే అప్పగించండి. డ్యూటీకి వెళ్లేముందు ఒక నిమిషం పాట గానీ మాట గానీ ఫోన్‌లో రికార్డు చేసి పెట్టమనండి. రాత్రి ఎనిమిదిన్నరకు ఆ గొంతు వినిపించి పడుకోబెట్టండి. వీడియో కాల్ వద్దు. తెర వెలుగుకు, నాన్న కనిపించి మాయమైపోవడానికి బిడ్డ ఇంకా రేగుతాడు. ఇంటికొచ్చాక నుదుటి మీద ఒక ముద్దు పెట్టుకోవచ్చు, ఎత్తుకుని లేపకూడదు.

సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) చేసి పొద్దున ఆరున్నరకు వచ్చినప్పుడు అరగంట బిడ్డతో గడిపి, తర్వాత తలుపేసుకుని పడుకోవాలి. ఎ షిఫ్ట్ రోజుల్లో రాత్రి కథ నాన్నే చెప్పాలి. ఎలాగూ తనూ తొమ్మిదికి పడుకోవాల్సిందే. పడుకోబెట్టే మనిషి ఎవరైనా స్నానం, పళ్లు, కథ, పాట వరస మాత్రం మారకూడదు. ఆ వరస ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి, ఎవరి వంతు వచ్చినా చూసుకుంటారు.

పద్నాలుగు నెలల బాబు. చీర ఉయ్యాల్లో ఊపితేనే నిద్ర. ప్రతి రెండు గంటలకూ లేచి ఏడుస్తాడు. రాత్రి మూడుసార్లు 180 మి.లీ. పాలసీసా ఇస్తాం. పగలు అన్నం ముట్టడు. (గోపాలపట్నం)

ఇక్కడ రెండు చిక్కులున్నాయి, ఒకటి ఇంకోదాన్ని పెంచుతోంది.

ఈ వయసులో నిద్ర ఏకబిగిన సాగదు. గంటకోసారి పల్చబడుతుంది, బిడ్డ ఒకసారి కదిలి, చుట్టూ అన్నీ ముందులాగే ఉంటే మళ్లీ నిద్రలోకి జారుతాడు. మీ బాబు కళ్లు మూసేటప్పటికి ఉయ్యాల ఊగుతోంది, నోట్లో పీక ఉంది. కళ్లు తెరిచేసరికి ఉయ్యాల ఆగింది, పీక లేదు. ఏదో మారిందని ఏడుస్తాడు. మీరు మళ్లీ ఊపి, సీసా పెడతారు. ఆకలితో లేచినట్టు కనిపిస్తుంది గానీ ఎక్కువసార్లు అది అలవాటే.

పాల లెక్క చూడండి. రాత్రే 540 మి.లీ. అయింది. ఏడాది దాటిన బిడ్డకు రోజు మొత్తం మీద 400 నుంచి 500 మి.లీ. చాలు. రాత్రి కడుపు నిండితే పగలు అన్నం ఎలా తింటాడు? పాలెక్కువై అన్నం తగ్గితే రక్తహీనత వస్తుంది. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పాలలోని చక్కెర రాత్రంతా పళ్ల మీదే ఉండి ముందు పళ్లు పుచ్చుతాయి. బరువు వయసుకు తగ్గట్టు ఉందని డాక్టరు చూసి చెప్పాక, రెండు రాత్రులకోసారి ప్రతి సీసాలో 30 మి.లీ. తగ్గించండి. 180, 150, 120, ఇలా 12 రాత్రుల్లో సీసాలు ఆగిపోతాయి. నీళ్లు కలిపి పల్చన చేయొద్దు, కొలతే తగ్గించండి. తగ్గించినదానికి బదులు సాయంత్రం ఏడింటికి పప్పన్నంలో చెంచా నెయ్యి వేసి పెట్టండి. పడుకునే ముందు పాలు ఇవ్వొచ్చు, అయితే పళ్లు తోమకముందే. తల్లిపాలు తాగే బిడ్డకైతే పాలు మాన్పించనక్కర్లేదు. నోట్లో రొమ్ము ఉండగానే నిద్రపోయే అలవాటు తప్పిస్తే చాలు.

ఉయ్యాలను ఒక్కసారిగా తీసేయొద్దు. మొదటి మూడు రాత్రులు కళ్లు బరువెక్కేదాకా ఊపి, పూర్తిగా మూసేలోపే ఆపేయండి. తర్వాత మూడు రాత్రులు ఊపకుండా ఆగిన ఉయ్యాల్లోనే వీపు నిమరండి. ఆ తర్వాత నేల మీద బొంత పరిచి పక్కన కూర్చుని జోకొట్టండి. చివరికి జోకొట్టడమూ తగ్గించి చెయ్యి వేసి ఉంచండి. ఏడుస్తాడు. మీరు పక్కనే ఉన్నారు కాబట్టి భయపడాల్సింది లేదు. ఈ మార్పు ఇంకో కారణానికీ మంచిదే. నిలబడటం వచ్చిన బిడ్డ చీర ఉయ్యాల్లో నిద్రలేచి అంచు పట్టుకుని లేవబోతే తలకిందులుగా పడతాడు.

ముందు ఉయ్యాల సంగతి చూసి, అది కుదిరాక పాలు తగ్గించండి. రెండూ ఒకేసారి మొదలుపెడితే మూడో రాత్రికే ఇంట్లో అందరూ చేతులెత్తేస్తారు. పళ్లు వస్తున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు.

ఒకటే గది. అత్తయ్య, మావయ్య పదింటిదాకా టీవీ చూస్తారు. నాలుగేళ్ల బాబు వాళ్లతోపాటే. ఎండాకాలం ఉక్క, ఏడాదంతా దోమలు. మాలాంటివాళ్లకు ఈ పద్ధతులు కుదురుతాయా? (కంచరపాలెం)

కుదురుతాయి. వేరే గది అక్కర్లేదు, 30 నిమిషాలు కావాలి. రాత్రంతా టీవీ కట్టేయమని అత్తయ్యగారిని అడిగితే ఒప్పుకోవడం కష్టం. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా మాత్రం అడగండి. ఆ అరగంట గదిలో అందరికీ చీకటే. రోజూ ఏడింటిలోపు లేచే పిల్లవాడు 20 నిమిషాల్లో నిద్రపోతాడు. తర్వాత తక్కువ సౌండ్‌తో చూసుకోవచ్చు. పక్కను టీవీకి పక్కవాటుగా, బీరువా చాటున తెర కనిపించని మూల వేయండి. పిల్లల నిద్ర చెడగొట్టేది ఒకే తీరున వచ్చే మోత కంటే ఉన్నట్టుండి పెరిగే ప్రకటనల సౌండ్. ఫ్యాన్ హోరు దాన్ని కొంత కప్పేస్తుంది.

ఉక్క విషయంలో ఒక మాట. తడిపిన దుప్పటి కిటికీకి కట్టడం పొడిగాలి ఉన్న ఊళ్లకు బాగుంటుంది. మన గాలిలోనే సముద్రపు తేమ ఉంది, తడి తెర కడితే ఉక్క ఇంకా పెరుగుతుంది. ఎదురెదురుగా కిటికీ, తలుపు తెరిచి గాలి ఆడనివ్వండి. చన్నీళ్లు కాకుండా గోరువెచ్చని నీళ్లు పోయండి. చర్మంలో రక్తనాళాలు విచ్చుకుని ఒంట్లో వేడి బయటికి పోతుంది, ఆ చల్లబడటమే నిద్రను తెస్తుంది. దోమలకు తెర కట్టి అంచులు బొంత కిందికి దోపండి. తలుపులు మూసిన గదిలో కాయిల్ వెలిగించొద్దు, ఆ పొగకు రాత్రంతా దగ్గే.

ఐదేళ్ల పాప పడుకున్న గంటన్నరకు లేచి కూర్చుని కెవ్వున అరుస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి, మమ్మల్ని గుర్తుపట్టదు. పొద్దున ఏమీ గుర్తుండదు. మా అమ్మ గాలి సోకిందంటోంది. (మధురవాడ)

మీరు రాసిన మూడు గుర్తులూ, అంటే నిద్రపోయిన మొదటి కొన్ని గంటల్లో రావడం, గుర్తుపట్టకపోవడం, పొద్దున గుర్తులేకపోవడం, నిద్రలో వచ్చే ఉలికిపాటువి. గాఢనిద్రలోంచి ఒళ్లు సగం లేచి, మెదడు ఇంకా నిద్రలోనే ఉండిపోతుంది. పీడకల ఇలా ఉండదు. అది తెల్లవారుజామున వస్తుంది, బిడ్డ పూర్తిగా లేచి మిమ్మల్ని వాటేసుకుంటుంది, కల చెబుతుంది.

ఆ సమయంలో కుదపొద్దు, మొహాన నీళ్లు చల్లొద్దు, గట్టిగా పిలవొద్దు. లేపాలని చూస్తే ఇంకా సేపు సాగుతుంది. మంచం మీంచి పడకుండా చూస్తూ పక్కన ఉండండి. కొద్ది నిమిషాల్లో తనే వాలిపోతుంది. దిష్టి తీయాలని అమ్మగారికి ఉంటే సాయంత్రం పాప ఆడుకుంటున్నప్పుడు తీయమనండి. ఎండుమిరపకాయల పొగ మాత్రం పాప పడుకునే గదిలో వద్దు.

నిద్ర చాలని రోజుల్లో, జ్వరంలో ఇది ఎక్కువవుతుంది. ముందు రాత్రి నిద్ర అరగంట పెంచండి. రోజూ ఒకే వేళకు వస్తుంటే వారం రోజులు సమయం రాసుకోండి. పదిన్నరకు వస్తోందనుకుంటే పదీ పదికి పాపను మెల్లగా తట్టి, కళ్లు తెరిచి ఏదో గొణిగేదాకా లేపి, మళ్లీ పడుకోనివ్వండి. మూడు వారాలు ఇలా చేస్తే చాలామందికి ఆగిపోతుంది. ఒకే రాత్రి పలుమార్లు రావడం, కాళ్లూ చేతులూ ఒకే తీరున కొట్టుకోవడం, నాలుక కరుచుకోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించాలి, మూర్ఛ కాదని తేల్చుకోవాలి.

నిద్ర కోసం గసగసాల పాలు పట్టొచ్చా? దగ్గు సిరప్? మెలటోనిన్ గమ్మీలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. (మర్రిపాలెం)

మూడూ వద్దు. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. గింజకు అంటుకున్న కాయపాలలో మత్తు ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు, పసిబిడ్డకు ఊపిరి మందగించే ప్రమాదముంది. దగ్గు, జలుబు సిరప్‌ల మత్తు కొందరు పిల్లల్లో ఎదురు తిరిగి ఇంకా రేగేలా చేస్తుంది. మెలటోనిన్‌ను ఆటిజం లాంటి కొన్ని పరిస్థితుల్లో డాక్టర్లే మోతాదు చూసి ఇస్తారు.

ఆరేళ్ల బాబు రోజూ గురక. నోరు తెరిచి, తల వెనక్కి వాల్చి పడుకుంటాడు. తలగడ చెమటతో తడుస్తుంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. క్లాసులో కుదురుగా కూర్చోడని టీచర్ చెబుతున్నారు. (సీతమ్మధార)

దీనికి పడుకునే పద్ధతులు మార్చి లాభం లేదు, వెంటనే చూపించండి. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక వస్తే పర్వాలేదు. వారంలో మూడు రాత్రులకు మించి గురక, దానితో పాటు మీరు రాసిన గుర్తులు ఉంటే ముక్కు వెనక అడినాయిడ్లు, గొంతులో టాన్సిల్స్ వాచి గాలికి అడ్డుపడుతున్నాయేమో చూడాలి. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు కాసేపు మేలుకుంటుంది. పది గంటలు పడుకున్నా నిద్ర చాలదు. పెద్దవాళ్లు నిద్ర చాలకపోతే కునుకుతారు, పిల్లలు అదుపు తప్పి గెంతుతారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక వీడియో తీయండి. పడుకోగానే కాదు, తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో. కలల నిద్ర ఆ వేళకు ఎక్కువ, గొంతు కండరాలు బాగా సడలి ఊపిరి ఆగడం అప్పుడే బయటపడుతుంది. చొక్కా తీసి, చిన్న బల్బు వేసి, మొహం, ఛాతీ, పొట్ట మూడూ కనిపించేలా రెండు నిమిషాలు. గురక ఆగి, ఛాతీ లోపలికి గుంజుకుపోయి, తర్వాత ఒక్కసారిగా ఊపిరి పీల్చుకోవడం అందులో దొరికితే డాక్టరుకు సగం పని తేలికవుతుంది. పిల్లల డాక్టరుకైనా, చెవి ముక్కు గొంతు డాక్టరుకైనా ముందు అది చూపించండి. వాపు కొద్దిగా ఉంటే ముక్కు స్ప్రేతో కొన్ని వారాలు చూస్తారు, ఎక్కువైతే ఆపరేషన్ చెబుతారు. వీడియో తీసేటప్పుడు పెదాలు నీలంగా కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.